నలభై నాలుగు గజాలు

బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గుమస్తా తనఖా దస్తావేజుని కౌంటరు మీద నుంచి వెనక్కి తోశాడు. మాధురి దాన్ని వెంటనే అందుకోలేదు. తనకి కాదనుకుంది.

"మీదే మేడం. తీసుకోండి. ఇది కుదరదు."

నాలుగేళ్ళుగా ఆమె విజయవాడలో రామకోటేశ్వరరావు అనే ప్లీడరు దగ్గర పనిచేస్తోంది. ఇంటి మీద బ్యాంకు అప్పు కావాలంటే ఇంటిని తనఖా పెడుతూ దస్తావేజు రాయాలి, దాన్ని రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు చేయించాలి. అది అయితే గానీ బ్యాంకు పైసా విదల్చదు. ఆ దస్తావేజు తిరిగి రాకుండా చూడటం మాధురి పని. పేరులో అక్షరం, ఇంటిపేరు, సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు, ఇంటి నంబరు, పన్ను రసీదు, ఆధార్ కార్డు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తుంది. ఆమె చేతి కాగితం ఇంతవరకూ ఒక్కటీ వెనక్కి రాలేదు.

"ఎందుకండీ?" అంది.

"మీరు రాసింది రెండొందల నలభై రెండు గజాలు. పంచాయతీ పన్ను రసీదులో నూట తొంభై ఎనిమిది ఉంది. ఏది నిజం?"

మాధురి రసీదు అందుకుని చూసింది. విస్తీర్ణం అడుగున, ఎడమ మూల, చిన్న అక్షరాల్లో ఉంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో ఆ మూల పడలేదు. అసలు రసీదు చూపించమని అడగాల్సింది. అడగలేదు. 

వెనక నిలబడ్డ దుర్గాశంకర్ ముందుకొచ్చాడు. నలభై ఐదేళ్ళవాడు, నేతపనివాడే గానీ పదేళ్ళుగా చీరలు విజయవాడ వన్ టౌన్ షాపులకి వేసి వ్యాపారం చూస్తున్నాడు. అతని పక్కన బల్ల మీద తండ్రి వీరభద్రయ్య కూర్చుని ఉన్నాడు. ఇల్లు ఆయన పేరనే ఉంది కాబట్టి సంతకం ఆయనదే.

"ఇవాళ అవ్వదా అండీ?" అన్నాడు దుర్గాశంకర్.

"సరిచేసుకు రండి. రేపు స్లాట్లు లేవు. ఎల్లుండి శుక్రవారం పదకొండున్నరకి ఒకటుంది. పెట్టమంటారా?"

"పెట్టండి," అంది మాధురి.

బయటికొచ్చాక దుర్గాశంకర్ గొంతు తగ్గించి మాట్లాడాడు. ఊళ్ళో తొమ్మిది గుంట మగ్గాలున్న షెడ్డు ఉంది. రెండు తరాలుగా అద్దెకి నేస్తున్నారు. షెడ్డు యజమాని వెంకటప్పయ్యది కంకిపాడు. ఆయన దాన్ని అమ్మకానికి పెట్టాడు. దుర్గాశంకర్ కొంటానని అగ్రిమెంటు రాసుకున్నాడు. గడువు శనివారం. ఆ రోజుకి సొమ్ము చూపించకపోతే రొయ్యల మేత వ్యాపారి ఒకాయన కాచుకుని కూర్చున్నాడు. మేత బస్తాలు పేర్చుకోవడానికి ఆయనకి గోడౌను కావాలి. మగ్గం గుంటలు పూడ్చి సిమెంటు చేయిస్తాడు.

"తొమ్మిది కుటుంబాలు మేడం. గుంట మగ్గం అంటే మంచం కాదుగా, ఇవాళ ఎత్తి రేపు ఇంకోచోట వేసుకోవడానికి."

"నాకు తెలుసండీ. ముందు ఆ తేడా ఎందుకొచ్చిందో చూడాలి. మీ ఇంటికి వెళ్దాం."

"చూడ్డానికేముంది? పంచాయతీలో మనకి తెలిసినాయన ఉన్నాడు. పొరపాటున తక్కువ పడిందని కాగితం ఇప్పిస్తా."

"ఒకసారి చూస్తాను," అంది ఆమె.

చల్లపల్లి దాటి ఆరు మైళ్ళు వెళ్తే వాళ్ళ ఊరు. దేవాంగుల వీధిలో పెంకుటిల్లు, వెనక వంటపాక. మాధురి టేపు తీసి దుర్గాశంకర్‌ని ఒక చివర పట్టుకోమంది. పడమటి గోడ నుంచి తూర్పు గోడ వరకూ కొలిచింది. పొడుగూ కొలిచింది. ఫోన్లో లెక్కవేస్తే నూట తొంభై ఎనిమిదికి రెండు గజాలు అటూ ఇటూ వచ్చింది. పన్ను రసీదే నిజం.

తూర్పు గోడకి ఆనుకుని రెండు గదుల చిన్న ఇల్లు ఉంది. నీలం తలుపు, పైన సున్నంతో వేసిన శిలువ గుర్తు. వాకిట్లో అరవై దాటిన ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. ఆ ఇంటి అవతల బజారు.

మాధురి దస్తావేజు తెరిచి హద్దులు చదివింది. తూర్పు: పంచాయతీ బజారు.

"ఆ ఇల్లు ఎవరిదండీ?"

"పక్కవాళ్ళది," అన్నాడు దుర్గాశంకర్ తొందరగా.

"అది మన జాగాలోదేగా," అన్నాడు వీరభద్రయ్య అరుగు మీద నుంచి. "అమలమ్మకి అమ్మాంగా. అప్పట్లో దాని మొగుడు పోయాడు, పసిపిల్లాడు. బడిలో ఆయాగా పనిచేసి కూడబెట్టిన డబ్బు తెచ్చి అన్నయ్యా ఇంత జాగా ఇవ్వమంది. స్టాంపు కాగితం మీద రాసిచ్చా."

"రిజిస్ట్రేషన్ చేయించారా తాతగారూ?"

"ఆ రోజుల్లో ఎవరు చేయించారమ్మా? మాట అనుకున్నాం, రాసుకున్నాం. ముప్పై ఏళ్ళయింది."

మాధురి దుర్గాశంకర్ వైపు చూసింది. అతను టేపు చుట్టడంలో మునిగిపోయాడు. ఈ సంగతి అతనికి మొదటి నుంచీ తెలుసు.

విజయవాడ బస్సులో కూర్చున్నా ఆమె మనసు నిలవలేదు. రిజిస్ట్రారు పుస్తకాల ప్రకారం ఆ నలభై నాలుగు గజాలు ఈ రోజుకీ వీరభద్రయ్యవే. పంచాయతీ నుంచి కాగితం తెస్తే ఆఫీసు మారుమాట లేకుండా తీసుకుంటుంది. అప్పు కిస్తీలు సరిగా కడితే ఎవరికీ ఏమీ కాదు. కట్టలేకపోతే బ్యాంకువాళ్ళు వేలం కాగితం అంటించేది నీలం తలుపు మీద కూడా. అప్పుడు ఆవిడ చేతిలో ఉండేది ఏ ఆఫీసూ లెక్కచేయని పాత స్టాంపు కాగితం.

గురువారం పొద్దున రామకోటేశ్వరరావు అంతా విని కళ్ళజోడు తీశాడు.

"నువ్వు అక్కడికి వెళ్ళకుండా ఉంటే, వాళ్ళిచ్చిన కాగితాలు పెట్టి రాశాం అనుకునేవాళ్ళం. వెళ్ళావు, చూశావు."

"ఇప్పుడు ఏం చెయ్యమంటారు సార్?"

"బ్యాంకు మేనేజర్ని అడుగు. నూట తొంభై ఎనిమిదికి ఒప్పుకుంటాడేమో. కానీ ఒక మాట. పార్టీ మన చెయ్యిదాటి పోతే నన్నేమీ అనకు."

మేనేజరు విసుక్కున్నాడు. జాగా తగ్గితే అప్పూ తగ్గుతుందన్నాడు. రెండు లక్షలు కోస్తానన్నాడు. మారిన కాగితాలు సాయంత్రంలోపు తన బల్ల మీద ఉండాలన్నాడు. తూర్పున ఉన్నది ఎవరి ఇల్లో తేలకుండా మాత్రం ముట్టుకోనన్నాడు.

పన్నెండింటికి దుర్గాశంకర్ వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పంచాయతీ ముద్ర ఉంది. ఇంటి విస్తీర్ణం రెండు వందల నలభై రెండు గజాలేననీ, రసీదులో పొరపాటున తక్కువ నమోదైందనీ రాసి ఉంది.

"ఇప్పుడు వెనక్కి రాదుగా మేడం?"

"రాదండీ."

"హమ్మయ్య. అయితే రాసెయ్యండి."

"నేను రాయనండీ."

అతనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత లేచి నిలబడ్డాడు.

"రాయరా? నిన్న వెనక్కొచ్చింది ఎవరి వల్ల? రసీదు సరిగ్గా చూసుంటే ఈ గొడవ పది రోజుల కిందటే తేలేది. తప్పు మీరు చేసి ఇవాళ నాకు నీతులు చెబుతున్నారా?"

"తప్పు నాదే. ఒప్పుకుంటున్నా. కానీ అది అమలమ్మ గారి ఇల్లు. ఆవిడకి తెలియకుండా తనఖా పెడుతున్నాం."

"నేనేమన్నా ఎగ్గొడతానా అప్పు? నెలనెలా కడతా. అమలమ్మత్త ఇంటి మీద ఈగ కూడా వాలదు."

"మగ్గాల పని ఎప్పుడెలా ఉంటుందో మీకే బాగా తెలుసు."

 బయట బండివాడు బేళ్ళు దించుతున్న చప్పుడు గదిలోకి వచ్చింది. మాధురి గొంతు తగ్గించింది.

"దారి ఉందండీ. రేపు స్లాటు ఒకటే, కాగితాలు రెండు. ముందు మీ నాన్నగారు ఆ నలభై నాలుగు గజాలు అమలమ్మ గారికి రిజిస్టరు చేస్తారు. దాని వెనకే మిగిలిన నూట తొంభై ఎనిమిదికి తనఖా. పన్ను రసీదుతో సరిపోతుంది. మేనేజరు రెండు లక్షలు తగ్గిస్తాడు, అంతే."

"అంతేనా? ఆ రెండు లక్షలు ఎక్కణ్ణుంచి తేవాలి? అమలమ్మత్తకి చెబితే ఆవిడ కొడుకు యేసుబాబు ఊరుకుంటాడా? ఇన్నేళ్ళూ రిజిస్ట్రేషన్ చెయ్యకుండా మోసం చేశారని కోర్టుకి పోతాడు. స్టే తెచ్చాడంటే షెడ్డూ పోద్ది, ఇల్లూ ఇరుక్కుపోద్ది."

"మీ నాన్నగారితో ఒకసారి మాట్లాడనివ్వండి. సంతకం ఆయనది."

అతను వద్దనలేదు, సరేననలేదు. మాధురి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. ఉన్నదున్నట్టు చెప్పింది. 

"ఆ కాగితం మీద నేను వేలు పెడితే అమలమ్మ ఇల్లు కూడా బ్యాంకు కిందకి పోద్దా అమ్మా?"

"అప్పు తీరుతున్నన్నాళ్ళూ ఏం కాదు తాతగారూ. తీరకపోతే పోతుంది."

"అయితే నేను రాను. మావాడికి చెప్పు."

"నాన్నా, షెడ్డు..." అన్నాడు దుర్గాశంకర్.

"షెడ్డు లేకపోతే ఇంట్లో వసారా తవ్వుకుని నేస్తాం. అమలమ్మ నన్ను అన్నయ్యా అని పిలుస్తదిరా. రేపు దాని మొహం ఎట్టా చూడను?"

దుర్గాశంకర్ కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "రాయండి మేడం, మీరు చెప్పినట్టే రాయండి," అన్నాడు. ఆమె వైపు చూడలేదు.

మూడింటికల్లా రెండు దస్తావేజులూ తయారయ్యాయి. మాధురి ఒకటికి నాలుగుసార్లు చదివింది. నకళ్ళు మేనేజరు బల్ల మీద పెట్టి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మళ్ళీ ఆ ఊళ్ళో ఉంది.

అమలమ్మ కొడుకు యేసుబాబు మచిలీపట్నం నుంచి అప్పుడే వచ్చాడు. ఆటో నడుపుతాడు. అమలమ్మ ఇంట్లో, వీరభద్రయ్య, దుర్గాశంకర్ ఎదుట మాధురి ఆవిడకి సంగతి చెబుతుండగానే గుమ్మం దగ్గర నుంచి లోపలికొచ్చాడు.

"అంటే ముప్పై ఏళ్ళ నుంచీ మేముండే ఇల్లు మాది కాదా?"

"మీదే. రిజిస్టరు కాలేదు, అంతే."

"మరి నిన్న ఏం పెట్టారు ఆ ఆఫీసులో? మా ఇల్లు కలిపేసి పెట్టారుగా?"

మాధురి తలూపింది. "అవునండీ. అది వెనక్కొచ్చింది. లేకపోతే నాకూ తెలిసేది కాదు."

యేసుబాబు దుర్గాశంకర్ మీదకి రెండడుగులు వేశాడు. "నీకు తెలుసుగా బావా? మా అమ్మ చేతి కూర తిని పెరిగావు. నీకు తెలిసే పెట్టావు. రేపు పొద్దున్నే లాయర్ని తీసుకొస్తా. ఏ కాగితం ఎట్టా అవుద్దో చూస్తా."

దుర్గాశంకర్ తల దించుకుని గోడకి ఆనుకున్నాడు. వీరభద్రయ్య కర్ర ఊతం చేసుకుని లేచాడు.

"వాడి తప్పు కాదురా అబ్బాయీ. ఆ రోజే చేయించాల్సింది నేను. ఖర్చని వాయిదా వేశా, ఆపైన మర్చిపోయా. రేపయ్యే ఖర్చు నాది. నన్ను తిట్టు."

"మిమ్మల్ని ఏమంటాను మావయ్య గారూ," అన్నాడు యేసుబాబు. కానీ పిడికిలి విప్పలేదు.

అమలమ్మ లేచింది. లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తెరిచి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులోని స్టాంపు కాగితం మడతల దగ్గర చిరిగి, అంచులు పసుపెక్కి ఉంది. మాధురికి ఇచ్చింది.

"నా పేరు ఎట్టా రాశావమ్మా కొత్త దాంట్లో?"

మాధురి పాత కాగితం దీపం కింద పెట్టి చూసి ఉలిక్కిపడింది. అందులో ఉన్నది అమలమ్మ కాదు, అమలోద్భవమ్మ. ఆధార్ కార్డులో అమలమ్మ. కొత్త దస్తావేజులో పాత కాగితం సంగతి ఎత్తి రాసింది కాబట్టి, రెండు పేర్లూ ఒక్క మనిషివేనని రాయకపోతే రేపు కౌంటరు దగ్గర మళ్ళీ ఆగిపోతుంది.

"రెండో పేరు కూడా కలిపి రాయాలి. రాత్రికే మార్పిస్తాను. మంచి మాట అడిగారు."

"బడిలో అందరూ అమలమ్మ అనేవాళ్ళు. అదే నిలిచిపోయింది," అంది ఆవిడ. కొడుకు వైపు తిరిగింది. "లాయరు వద్దు. ముందు నా కాగితం అవ్వాలి. నంబరు పడ్డాక అన్నయ్య కాగితం. అట్టా అయితే నేను వస్తా."

"అట్టాగే," అన్నాడు వీరభద్రయ్య.

ఇప్పుడు భయం దుర్గాశంకర్‌ది. ముందు వాళ్ళది అయిపోయి, తనది ఆగిపోతే? మాధురిని బయట ఆపి అదే అడిగాడు. ఆపేవాళ్ళు ఎవరూ లేరని ఆమె అంది. ఆ మాట తనకే బలంగా వినిపించలేదు.

శుక్రవారం పదకొండింటికే అందరూ ఆఫీసు వరండాలో ఉన్నారు. పదకొండున్నరకి పిలిచారు. గుమస్తా అమ్మకం దస్తావేజు అక్షరం అక్షరం చూశాడు. పాత స్టాంపు కాగితం అడిగాడు. రెండు పేర్ల దగ్గర వేలు ఆనించి, తలెత్తి మాధురిని చూసి, పేజీ తిప్పాడు. 

"వేలిముద్ర పెట్టండి తాతా."

వీరభద్రయ్య బొటనవేలు మిషను మీద పెట్టాడు. ఎర్ర లైటు. ఇంకోసారి. మళ్ళీ ఎర్ర లైటే. అరవై ఏళ్ళు నూలు పోగులు లాగి లాగి వేళ్ళ చివరలు నున్నగా అరిగిపోయాయి. గుమస్తా ఒక్కో వేలూ మార్చాడు. ఎడమచేతి ఉంగరపు వేలికి ఆరోసారి పచ్చ లైటు వెలిగింది. పన్నెండుంబావుకి అమలమ్మ దస్తావేజుకి నంబరు పడింది. యేసుబాబు రసీదు తీసుకుని తల్లి చేతిలో పెట్టాడు.

తనఖా దస్తావేజులో గజాలు కలిశాయి, హద్దులు కలిశాయి. మళ్ళీ వేలు. ఈసారి ఉంగరపు వేలు కూడా పడలేదు. పది వేళ్ళూ అయ్యాయి. ఆధార్‌కి కలిపిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయిన సిమ్ముది. దానికి ఓటీపీ వచ్చే దారి లేదు.

"భోజనాలయ్యాక చూద్దాం. నాలుగున్నర లోపు పడితే సరి. లేకపోతే సోమవారమే," అని గుమస్తా లేచాడు.

సోమవారానికి షెడ్డు ఉండదు. దుర్గాశంకర్ వరండా మెట్ల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. మాధురి మేనేజరుకి ఫోన్ చేసింది. అయిదు దాటితే డీడీ ఇవ్వలేనన్నాడు. వీరభద్రయ్య వేళ్ళను పంచె అంచుకి రుద్దుకుంటూనే ఉన్నాడు, ఏదో అపరాధం చేసినవాడిలా.

యేసుబాబు వాళ్ళ పని అయిపోయింది. వెళ్ళిపోవచ్చు. ఆటో దాకా వెళ్ళి, ఆగి, ఎదురుగా ఉన్న టీకొట్టులోకి దూరాడు. ఒక గ్లాసు వేడినీళ్ళు, గుడ్డ ముక్క పట్టుకుని తిరిగొచ్చాడు.

"మా స్టాండులో ముసలాళ్ళ పింఛనుకి ఇట్టాగే చేస్తారు. వేళ్ళు ముంచండి మావయ్య గారూ. కాసేపు నాననివ్వండి."

ఆయన ముంచాడు. అమలమ్మ పక్కన కూర్చుని ఒక్కో వేలూ తీసి తుడిచింది. రెండున్నరకి మళ్ళీ పిలిచారు. బొటనవేలు, ఎర్రలైటు. చూపుడువేలు, ఎర్రలైటు. గుమస్తా తనే ఆయన మణికట్టు పట్టుకుని వేలిని మెల్లగా పక్కకి వాల్చి అదిమాడు.  పచ్చ లైటు.

"సాక్షి సంతకాలు," అన్నాడు గుమస్తా.

ఒక సాక్షి మాధురి. రెండో సాక్షిగా రావలసిన దుర్గాశంకర్ స్నేహితుడు భోజనానికి వెళ్ళి ఇంకా రాలేదు. దుర్గాశంకర్ ఫోన్ చేస్తుంటే యేసుబాబు పెన్ను అందుకున్నాడు. ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఎవరి మొహం చూడకుండా సంతకం చేశాడు.

నంబరు పడిన కాగితం తీసుకుని మాధురి బ్యాంకుకి పరుగెత్తింది. నాలుగూ ముప్పావుకి డీడీ చేతికొచ్చింది.

శనివారం వెంకటప్పయ్య రెండు లక్షల లోటు చూసి ఒప్పుకోలేదు. గంటసేపు వాదించాక మెత్తబడ్డాడు. షెడ్డు రాసిచ్చాడు గానీ ముందున్న ఖాళీ స్థలం రాయలేదు. మిగిలిన సొమ్ము తెచ్చాకే రాస్తానన్నాడు. వారం తిరగకుండా ఆ స్థలం రొయ్యల మేత వ్యాపారికి లారీలు పెట్టుకోవడానికి అద్దెకిచ్చాడు. మగ్గానికెక్కించే పడుగు పోగుల్ని పొడుగ్గా సాగదీసుకోవడానికి నేతగాళ్ళకి ఉన్న చోటు అదొక్కటే. దాంతో తెల్లవారుజామున బజారులో, స్కూలు బస్సులు రాకముందే ఆ పని ముగించుకోవలసి వచ్చింది. మగ్గాలు మాత్రం తొమ్మిదీ ఆడుతున్నాయి.

మాధురికి ఆ నెల మెప్పు రాలేదు. మేనేజరు రామకోటేశ్వరరావుకి ఫోన్ చేసి మీ ఆఫీసు కాగితం ఒకటి తిరిగొచ్చిందటగా అన్నాడు. ఆయన నిజమేనన్నాడు. అంతకన్న ఏమీ చెప్పలేదు. దుర్గాశంకర్ ఫీజు ఫోన్లో వేసి ఊరుకున్నాడు. రెండు నెలలు ఒక్క మాట లేదు.

శ్రావణంలో ఇంకో పని మీద మాధురి తొలి బస్సుకి ఆ ఊరు వెళ్ళింది. బజారు పొడుగునా తెల్లటి పడుగు పరిచి ఉంది. ఒక కొసన వీరభద్రయ్య, మధ్యలో దుర్గాశంకర్, ఇంకా నలుగురైదుగురు పోగులు సర్దుతున్నారు. యేసుబాబు ఆటో అడ్డంగా పెట్టి వచ్చే బళ్ళని ఆపుతున్నాడు. దుర్గాశంకర్ ఆమెని చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"మీ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు మేడం," అన్నాడు.

"పోనవసరం లేదండీ."

"స్థలం డబ్బు సగం కూడింది. కార్తీకానికి రాయించుకుందామనుకుంటున్నా. మీరొస్తారా?"

"వస్తాను," అంది మాధురి. పడుగు తొక్కకుండా బజారు అంచునే నడుచుకుంటూ వెళ్ళింది.